రెండడుగుల గొట్టం

ఇంకా నాలుగేళ్ళ సర్వీసు మిగిలి ఉండగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం నాడు, టెక్కలిలో ప్రభుత్వ వాహనాల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేరాను. అంతకు ముందు ఇరవై తొమ్మిదేళ్ళు మెకానిక్‌గా, చార్జిమన్‌గా వేరే జిల్లాలు తిరిగాను. మా లెక్కలో మెకానిక్ చేత్తో పనిచేస్తాడు, చార్జిమన్ పని పంచుతాడు, ఫోర్‌మన్ సంతకం పెడతాడు. సంతకం పెట్టేవాడి చేతికి గ్రీజు అంటకూడదని కొందరికి ఉంటుంది. నాకు లేదు. ముఖ్యమైన వెల్డింగు పని వస్తే టార్చి ఇంకొకడి చేతికి ఇవ్వడానికి మనసొప్పేది కాదు. నా పని మీద నాకు గర్వం ఎక్కువ, నోరు దురుసు. ఈ రెండూ ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

చేరిన రెండో నెలలో మా డిప్యూటీ ఇంజనీరు గారు ఒక ఫైలు నా బల్ల మీద పెట్టారు. ఉద్దానం తీరంలో మూడు మత్స్యకారుల పేటల నుంచి కిడ్నీ రోగులను పలాస డయాలసిస్ కేంద్రానికి తెచ్చి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపే ఫోర్ వీల్ డ్రైవ్ జీపు గురించిన ఫైలు అది. చివరి పేటకు తారు రోడ్డు లేదు. సరుగుడు తోటల మధ్య రెండు కిలోమీటర్లకు పైగా ఇసక బాట. మామూలు అంబులెన్సు రోడ్డు చివర ఆగిపోతుంది. ఈ జీపు నాలుగు చక్రాలకూ బలం ఇచ్చి, చిన్న గేరులో మెల్లగా ఇసక దాటుతుంది. అలా దాటినప్పుడు డీజిల్ మాత్రం నీళ్ళలా తాగుతుంది. మా బళ్ళకు ఇండెంటు చీటీ మీద డీజిల్ పోసే బంకు కాశీబుగ్గలో ఒక్కటే. రెండుసార్లు రోగులతో సహా బండి దారిలో ఆగిందని, అందుకని నలభై అయిదు లీటర్ల అదనపు ట్యాంకు బిగించాలని ఫైలులో ఉంది.

అదనపు ట్యాంకు అంటే రేకు డబ్బా ఒకటి చేసి తగిలించడం కాదు. రవాణా శాఖ అనుమతి తీసుకుని, మార్పును రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎక్కించాలి. రేకు ఎన్నిక ముఖ్యం. తుప్పు పట్టదని కొందరు జింకు పూత రేకు వాడతారు; ఆ జింకు డీజిల్‌తో కలిసి ఫిల్టరులో జిగటగా చేరుతుంది. నేను మామూలు ఉక్కు రేకే తీసుకున్నాను. లోపల డీజిల్ అటూ ఇటూ కొట్టుకోకుండా రెండు అడ్డు పలకలు పెట్టాను. సైలెన్సరు గొట్టానికి దూరంగా, ఛాసిస్ ఎడమ పక్కన, రబ్బరు దిండ్ల మీద పట్టీలతో బిగించాను. కొద్దిగా గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్ళు రాసి చూస్తే ఒక్క బుడగ రాలేదు. ఇక డీజిల్ ఇంజన్లో వాడగా మిగిలిన డీజిల్ తిరిగి ట్యాంకుకు వస్తుంది. రెండో ట్యాంకు నుంచి తీసుకుంటూ మిగిలింది మొదటి దాంట్లో పోస్తే అది పొంగి రోడ్డు పాలవుతుంది. చాలామంది ఇక్కడే తప్పుతారు. నేను పోయే దారి, వచ్చే దారి రెండూ ఒకే పిడితో మారేలా చేశాను. ఆ పిడి చూసి డిప్యూటీ ఇంజనీరు గారు నా భుజం తట్టారు.

మిగిలింది గాలి గొట్టం. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె సరిగా రాదు, రెండో చిల్లు పెడితే ధారగా వస్తుందని వంటింట్లో అందరికీ తెలుసు. ట్యాంకూ అంతే. డీజిల్ తగ్గిన మేరకు లోపలికి గాలి వెళ్ళాలి. అందుకని ట్యాంకు నెత్తిన సన్నటి గొట్టం ఉంటుంది. దాన్ని పైకి తీసుకుపోయి, సీటు వెనక ఎత్తులో వంచి వదలడం పద్ధతి. నా దగ్గర డీజిల్‌కు తట్టుకునే గొట్టం జానెడు ముక్క మిగిలింది. ఇంకా రెండడుగులు కావాలి. స్టోర్సుకు ఇండెంటు పెడితే విశాఖపట్నం నుంచి రావడానికి పక్షం రోజులు. మర్నాడు పలాసలో పై అధికారి వచ్చి జెండా ఊపాలి. జానెడు ముక్కనే ట్యాంకు పక్కన కిందికి వంచి, క్లిప్పు వేసి, పని అయిందనిపించాను. కాశీబుగ్గ బజారులో అడిగితే ఆ గొట్టం ఆ సాయంత్రమే దొరికేది. నేను అడగలేదు.

ఆ బండి డ్రైవరు గురువులు. ఆ చివరి పేటవాడే. వాళ్ళ నాన్న, అన్నలు వేటకు పోయే మనుషులు; తనూ పదేళ్ళు బోటు ఇంజను మీద ఉండి, తరవాత హెవీ లైసెన్సు తీసుకుని, ఔట్‌సోర్సింగులో మా శాఖకు వచ్చాడు. ఇసక రంగు చూసి ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ దిగిపోతుందో చెప్పేవాడు. టైర్లలో గాలి ఎంత తగ్గించాలో చెప్పులు విప్పి ఇసక తొక్కి నిర్ణయించేవాడు. మనిషి తక్కువ మాట్లాడతాడు. ఆ రోజు బండి కిందికి దూరి, గాలి గొట్టాన్ని వేలితో తడిమి బయటికి వచ్చాడు.

“గొట్టం కిందకుంది బాబూ. ఇసక ఎక్కేత్తాది. కాస్త పైకెత్తీయండి.”

బండి నడపడం నీ పని, గొట్టం ఎక్కడ ఉండాలో చూడడం నా పని అన్నాను. ఇది నీ బోటు కాదు అని కూడా అన్నాను. చుట్టూ నలుగురు మెకానిక్కులు నవ్వారు.

మొదటి ట్రిప్పులో నేనూ వెళ్ళాను. చివరి పేటలో ఎక్కిన మనిషి కన్నమ్మ. యాభై దాటిన వయసు. ఒంట్లో బాగున్నన్నాళ్ళు ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని మందస సంత దాకా తిరిగిందట. రెండు కిడ్నీలూ పోయి ఏడాది అయింది. కొత్త ట్యాంకు గురించి గురువులు చెబితే నా వైపు ఎగాదిగా చూసింది.

“బండికి ఇంకోటి అతికించినావట గదా. నాకూ ఓ కిడ్నీ అతికించీ బాబూ, నీకు పుణ్యముంటాది.”

బండిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ దారంతా ఆవిడ ఎవరో ఒకరిని ఆటపట్టిస్తూనే ఉంది. వారానికి మూడుసార్లు సూదులు పొడిపించుకునే మనిషి అలా ఉండగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

నెల తిరిగాక గురువులు వర్క్‌షాపుకు వచ్చి, ఫిల్టరు అడుగున ఇసక తేలుతోందని, గొట్టం సంగతి చూడమని రెండోసారి అడిగాడు. నేను ట్యాంకు దింపించి, కడిగించి, ఫిల్టరు మార్పించి, జాబ్ కార్డులో ‘శుభ్రపరచడమైనది’ అని రాసి సంతకం పెట్టాను. జాబ్ కార్డు అంటే బండి మీద చేసిన ప్రతి పనికీ ఒక కాగితం. లోపం, చేసిన పని, వాడిన సామాను, సంతకం అని నాలుగు గళ్ళు ఉంటాయి. గొట్టం ఎత్తితే మొదటిసారి నేను చేసింది తప్పని నా చేత్తోనే రాసినట్టు అవుతుంది. అందుకే ఎత్తలేదు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

నేను చెయ్యని పనికి గురువులు తనకు తెలిసిన దారి వెతుక్కున్నాడు. బోటు ఇంజను ట్యాంకు మూతకు గాలి మర ఉంటుంది. ఒడ్డుకు రాగానే ఆ మర బిగించేస్తారు, ఇసకా ఉప్పునీళ్ళూ పోకుండా. మళ్ళీ వేటకు వెళ్ళేటప్పుడు వదులు చేస్తారు. బిగించి ఉందన్న గుర్తుకు వాళ్ళ పేటలో ఇంజను స్టార్టు చెయ్యడానికి లాగే తాడుకు ఎర్ర గుడ్డ పీలిక కడతారు. గుడ్డ విప్పకుండా తాడు లాగలేరు, విప్పితే మర గుర్తొస్తుంది. జీపు మెల్లగా కదిలేటప్పటి కంటే, పేటలో ఆగి ఉన్నప్పుడే సముద్రపు గాలికి గొట్టంలో ఇసక ఎక్కువ చేరేది. గురువులు, వల నీళ్ళలో తేలడానికి కట్టే బెండు ముక్క ఒకటి చెక్కి, జీపు ఆపినప్పుడల్లా గాలి గొట్టంలో దూర్చి, స్టీరింగుకు ఎర్ర పీలిక కట్టేవాడు. బయల్దేరే ముందు పీలిక విప్పి, బెండు తీసి జేబులో వేసుకునేవాడు. నాలుగు నెలలు ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఫిల్టరులో ఇసక రావడం ఆగింది. అది నా గొప్పే అనుకున్నాను.

డిసెంబరులో ఒక ఆదివారం. ఆదివారాలు డయాలసిస్ ట్రిప్పు ఉండదు. శనివారం సాయంత్రం గురువులు రెండు ట్యాంకులూ నింపి, బండిని పలాస షెడ్డులో పెట్టి, తాళం బోర్డుకు తగిలించి, అన్న కూతురి పెళ్ళికని సంతబొమ్మాళి వైపు వెళ్ళాడు. సెలవు చీటీ ఇచ్చాడు, మంజూరైంది. మర్నాడు బండి కదిలే పని లేదు కాబట్టి బెండు గురించి ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున పేట నుంచి ఫోను వచ్చింది. జ్వరం వల్ల కన్నమ్మ శనివారం డయాలసిస్‌కు రాలేదు. తెల్లారేసరికి ఆయాసం పట్టుకుంది. వెంటనే తేవాలి. డ్యూటీలో ఉన్న డ్రైవరు తిరుపతిరావు, మందస దగ్గర రైతు కుటుంబం మనిషి, నెమ్మదస్తుడు. అతన్ని పంపారు. బండి ఎక్కగానే స్టీరింగుకు ఎర్ర పీలిక కనిపించింది. వేటకు పోయే వాళ్ళు అమ్మవారికి మొక్కి కట్టిన గుడ్డ అనుకున్నాడు. తొక్కుడు పడకూడదని భక్తిగా విప్పి, కళ్ళకు అద్దుకుని, అద్దానికి కట్టుకుని బయల్దేరాడు. నేను రాసి ఇచ్చిన సూచన ప్రకారం పిడి అదనపు ట్యాంకు వైపే ఉంది. అది ముందు వాడుకుని, అసలు ట్యాంకును నిలవ ఉంచుకోవాలని నా ఆదేశం.

గాలి గొట్టం మూసి ఉన్నా నిండు ట్యాంకు కొంత దూరం నడిపిస్తుంది. పేటకు వెళ్ళింది. కన్నమ్మను, ఆవిడ కోడలిని ఎక్కించుకుని తిరుగు ముఖం పట్టింది. ఇసక బాట సగంలో ఇంజను దగ్గి ఆగిపోయింది. తిరుపతిరావు పిడి అసలు ట్యాంకుకు తిప్పాడు. అయితే డీజిల్ గొట్టంలోకి గాలి చేరాక, చేతి పంపుతో ఆ గాలి బయటికి తీస్తే గాని ఇంజను అందుకోదు. అతనికి ఆ పని నేర్పినవాళ్ళు లేరు. బ్యాటరీ అయిపోయేదాకా తాళం తిప్పాడు. చివరికి పేట వాళ్ళు వలలు మోసే కర్రకు దుప్పటి కట్టి, అందులో కన్నమ్మను పడుకోబెట్టి, తారు రోడ్డు దాకా భుజాల మీద మోశారు. అక్కడి నుంచి ఆటో. పదకొండు గంటలకు చేరవలసిన మనిషి మూడు దాటాక చేరింది. డాక్టర్లు వెంటనే మిషను మీద పెట్టారు. బతికింది.

నేను నాలుగింటికి బండి దగ్గరికి చేరాను. కిందికి వంగి చూస్తే ట్యాంకు పక్క రేకు లోపలికి పీల్చుకుపోయి ఉంది, పళ్ళూడిన ముసలివాడి బుగ్గలా. గొట్టం చివర తెల్లటి బెండు. లాగాను. బుస్సుమని గాలి లోపలికి పోయింది, రేకు టప్పున బయటికి వచ్చింది. చేతి పంపుతో గాలి తీసి, వేరే బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే పది నిమిషాల్లో ఇంజను అందుకుంది. ఆ బెండు నా అరచేతిలో ఉండగానే ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో మొత్తం తెలిసిపోయింది.

బుధవారం విచారణ. డిప్యూటీ ఇంజనీరు గారి గది. గురువులును అడిగారు, బెండు నువ్వే పెట్టావా అని.

“నానే ఎట్టినాను బాబూ.”

“ఎందుకు?”

“ఇసక ఎక్కకండా.”

అని నా వైపు చూశాడు. రెండుసార్లు చెప్పానని అతను అంటాడేమోనని ఎదురుచూశాను. అతను అనలేదు. నేనే చెబుతానని అనుకున్నాడేమో. బిగింపులో లోపం ఏమైనా ఉందా అని డిప్యూటీ ఇంజనీరు గారు నన్ను అడిగారు. ట్యాంకులో లేదండి అన్నాను. అది నిజమే. ఆయన గాలి గొట్టం గురించి విడిగా అడగలేదు, నేను చెప్పలేదు. రిటైర్మెంటు ముందు చార్జిమెమో పడ్డవాడి కాగితాలు ఏ ఆఫీసులోనూ కదలవు. అలా తిరిగిన పెద్దమనుషులను చాలామందిని చూశాను. ఆ భయం ఒకటి. మెకానిక్కుల ముందు తల దించుకోవాలన్న భయం దానికంటే పెద్దది.

నేను రాసిన రిపోర్టులో ఆ వాక్యం ఇప్పటికీ కంఠతా వచ్చు: ‘అదనపు ట్యాంకు గాలి గొట్టమునందు బెండు ముక్క గుర్తించబడినది. దానిని తానే అమర్చినట్లు డ్రైవరు అంగీకరించినాడు.’ అందులో అక్షరం అబద్ధం లేదు. ఔట్‌సోర్సింగు మనిషిని తీసెయ్యడానికి సంజాయిషీలు, అప్పీళ్ళు అక్కర్లేదు. ఆ రెండు వాక్యాలే సరిపోయాయి. శనివారం నుంచి గురువులు రాలేదు.

తరవాతి వారమే నేను కాశీబుగ్గ బజారులో రెండడుగుల గొట్టం నా డబ్బుతో కొని, నా చేత్తో బిగించాను. సీటు వెనకగా పైకి తీసుకుపోయి, వంచి వదిలాను. ముప్పావు గంట పని. జాబ్ కార్డులో ‘గాలి గొట్టం ఎత్తు పెంచడమైనది’ అని రాశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అది.

ఆ బండి మళ్ళీ ఆ ట్యాంకు వల్ల ఆగలేదు. కాని ఇసక తెలిసిన డ్రైవరు లేడు. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి నెలలో నాలుగుసార్లు బండిని ఇసకలో దించేశారు. ట్రాక్టరు తెచ్చి లాగించాల్సి వచ్చింది. ఇక నుంచి చివరి పేట రోగులు తారు రోడ్డు దగ్గరికి వచ్చి ఎక్కాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు ప్రతి మీద ‘చూడడమైనది’ అని నేనూ సంతకం పెట్టాను. కన్నమ్మ కొన్నాళ్ళు కొడుకు మోటారు సైకిలు వెనక కూర్చుని ఇసకలో పడుతూ లేస్తూ రోడ్డు దాకా వచ్చింది. కొడుకు వేటకు పోయిన రోజున రాలేదు. తరవాత వారానికి రెండుసార్లు, ఆ తరవాత ఒకసారి. ఎండలు ముదరకముందే రిజిస్టరులో ఆవిడ పేరు మీద అడ్డగీత పడింది. ఆదివారం నాడు బండి ఆగినందుకు ఆవిడ పోలేదు. బండి ఇంటి దాకా వెళ్ళడం మానినందుకు పోయింది. అది మానడానికి కారణం నా రిపోర్టు. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు.

రిటైరైన రెండో ఏడాది ఆ పేటకు వెళ్ళాను. కన్నమ్మ కోడలు నన్ను గుర్తుపట్టి, మంచినీళ్ళిచ్చి, బండి మళ్ళీ వస్తుందా బాబూ అని అడిగింది. నేను ఉద్యోగంలో లేనని చెప్పాను. గురువులు ఒడ్డున బోటు దగ్గర ఇంజను విప్పుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఆనాడు నువ్వు రెండుసార్లు చెప్పిన సంగతి రిపోర్టులో రాయలేదని, తప్పు నాదని అన్నాను.

“గొట్టం ఎత్తినారేటి బాబూ?”

ఎత్తానన్నాను.

“ఎప్పుడు?”

నువ్వు వెళ్ళిన వారానికే అన్నాను.

“అయితే నాను సెప్పింది ఇన్నారన్నమాట” అన్నాడు. ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. మళ్ళీ వంగి స్పానరు అందుకున్నాడు. తాడుకు కట్టిన ఎర్ర పీలిక గాలికి ఊగుతోంది. నేను ఇంకొంతసేపు నిలబడి వచ్చేశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి చెప్పవలసింది ఇంతే. గాలి గొట్టం చివర ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. బండి గురించి రోజూ దాన్ని నడిపేవాడు చెప్పింది ముందు రాసుకోవాలి, తరవాత వాదించుకోవాలి. మా జాబ్ కార్డులో ఎవరు చెప్పారు అన్న గడి లేదు. గురువులు వెళ్ళాక నా సర్వీసులో మిగిలిన మూడున్నరేళ్ళూ, ప్రతి కార్డు మార్జినులో లోపం చెప్పిన డ్రైవరు పేరు రాశాను. గాలి గొట్టం ఎత్తిన కార్డు మీద మాత్రం మార్జిను ఖాళీగానే ఉంది.